పగుళ్ళున్న బండ ఎందుకు పగల్లేదు?



మేము తెలుగు చెప్పేవాళ్ళం. మా పాఠాల్లో పద్యాలు, సంధులు, సమాసాలు ఉంటాయి. ఈసారి మాత్రం రాళ్ళ గురించి రాస్తున్నాం. అందుకు కారణం మీలో ఒకరు అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. తరవాత చదివి, పనివాళ్ళను అడిగి, సైన్సు టీచర్ల దగ్గర కూర్చుని తెలుసుకున్నది ఇక్కడ మీతో పంచుకుంటున్నాం.

వీధి చివర తవ్వకం

పోయిన చలికాలంలో, ప్రీబోర్డు పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో, స్మృతి నగర్‌లో మేము అద్దెకుంటున్న వీధి చివర ఒక అపార్ట్‌మెంటుకు సెల్లారు తవ్వడం మొదలుపెట్టారు. పైనున్న ఎర్రమొరం జేసీబీతో ఇట్టే లేచిపోయింది. దాని కింద సున్నపురాయి బండ తగిలింది. ఆపైన వారం రోజులు బ్రేకర్ యంత్రం పొద్దస్తమానం డబడబమంటూనే ఉంది. చదువుకునే పిల్లలకు చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. చుట్టూ ఇళ్ళు కాబట్టి మందుగుండు పెట్టి పేల్చే వీలు లేదు. చివరికి వాయువుతో బండను పగలగొట్టే పనివాళ్ళను పిలిపించారు.

వాళ్ళు బండలో నాలుగు రంధ్రాలు వేసి, ఇనుప ట్యూబులు దింపి, పైన గట్టిగా పూడ్చారు. అందరినీ దూరంగా పంపి మీట నొక్కారు. ‘దబ్’మని ఒక మొద్దు చప్పుడైంది. బండ అవతలి వైపు సందుల్లోంచి తెల్లటి పొగమంచు లాంటిది బుసబుసా బయటికొచ్చింది. బండ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

పక్కింటి అబ్బాయి మన బడిలోనే తొమ్మిదో తరగతి. మాతోపాటు నిలబడి చూస్తున్నాడు. "మేడం, ఆ బండకు ముందే ఇన్ని పగుళ్ళున్నాయి కదా. పగుళ్ళున్న బండ తొందరగా పగలాలి. ఇదెందుకు పగల్లేదు?" అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. మాకూ అలాగే అనిపించింది. అక్కడి ముసలి మేస్త్రీ మా మాటలు విన్నాడు. వాళ్ళ నాన్నగారు భిలాయి ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆయన నవ్వి, "పగుళ్ళున్నాయి కాబట్టే పగల్లేదు మేడమ్మగారూ! కుండకి సిల్లుంటే నీళ్ళు నిలుత్తాయేటి? గేసంతా సందుల్లోంచి ఎల్లిపోనాది" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఈ పాఠమంతా ఉంది. మిగిలింది దాని వివరణ.

పేలాల పాఠం

తొలి ఏకాదశికి మన ఇళ్ళల్లో పేలపిండి చేస్తారు. అమ్మమ్మ జొన్నలు మూకుడులో వేసి వేయిస్తుంది. గింజ లోపలి తేమ వేడికి ఆవిరి అవుతుంది. పైపొట్టు గట్టిగా, సందు లేకుండా ఉంటే ఆవిరికి దారి దొరకదు. పీడనం పెరిగి పెరిగి, పొట్టు ఇక తట్టుకోలేని క్షణంలో గింజ టప్పున పేలుతుంది. పొట్టు చిట్లిన గింజలో ఆవిరి ఎప్పటికప్పుడు బయటికి పోతుంది. అది పేలదు, మాడుతుంది.

బండలో వేసిన రంధ్రం ఆ గింజ లాంటిది. అందులో పుట్టిన వాయువు లోపలే నిలిస్తే బండ పగులుతుంది. ముందే దారి ఉంటే వాయువు పోతుంది, బండ మిగులుతుంది.

వాయువు బండను ఎలా పగలగొడుతుంది?

ఈ పద్ధతుల్లో ఎక్కువగా వినిపించేది కార్బన్ డై ఆక్సైడ్ పద్ధతి. బలమైన ఉక్కు ట్యూబులో ద్రవరూపంలో కార్బన్ డై ఆక్సైడ్ నింపుతారు. ట్యూబు లోపల ఒక చిన్న హీటర్ ఉంటుంది. ఒక చివర పలుచని లోహపు డిస్కు ఉంటుంది. విద్యుత్తు అందగానే హీటర్ రగిలి ద్రవాన్ని క్షణంలో వేడెక్కిస్తుంది. లోపలి పీడనం మామూలు గాలి పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. డిస్కు చినిగి, వాయువు రంధ్రంలోకి దూకుతుంది. ద్రవంగా ఉన్నప్పటితో పోలిస్తే బయటి గాలిలో దాని ఘనపరిమాణం సుమారు 500 నుంచి 600 రెట్లు.

ఈ పద్ధతి మొదట బొగ్గు గనుల కోసం వచ్చింది. గనుల్లో మీథేన్ ఉంటుంది. మందుగుండు మంటకు అది అంటుకుంటే ఘోర ప్రమాదం. కార్బన్ డై ఆక్సైడ్ మండదు, మంటను ఆర్పుతుంది. అందుకే ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో గని పనికి దాన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు ఇళ్ళ మధ్య తవ్వకాలకూ వాడుతున్నారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. గ్రానైటు లాంటి రాయి ఒక చదరపు మిల్లీమీటరుకు 100 నుంచి 250 న్యూటన్ల ఒత్తిడినైనా ఓర్చుకుంటుంది. అంత గట్టిదాన్ని గాలి ఎలా ఓడిస్తుంది?

రాయికి ఒక బలహీనత ఉంది. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోలేదు. లాగుడును తట్టుకునే శక్తిని తన్యత బలం అంటారు. రాయి తన్యత బలం దాని సంపీడన బలంలో సుమారు పదో వంతు, చాలాసార్లు అంతకంటే తక్కువ. రంధ్రం లోపల వాయువు అన్ని వైపులా నెట్టినప్పుడు రంధ్రం చుట్టుకొలత సాగాలని చూస్తుంది. సైకిల్ ట్యూబులో గాలి ఎక్కువైతే రబ్బరు సాగినట్టే. రబ్బరు సాగుతుంది, రాయి సాగలేదు కాబట్టి చీలుతుంది. ఆ సన్నని చీలికలోకి వాయువు దూరి, కట్టెలో కొట్టిన మేకులాగా దాన్ని ఇంకా తెరుస్తుంది. చీలిక ముందుకు పాకుతుంది, వాయువు వెంట నడుస్తుంది. ఇలా వెనకనుంచి పీడనం అందుతున్నంత సేపే చీలిక పెరుగుతుంది.

మందుగుండుకూ దీనికీ తేడా ఇక్కడే. గనుల్లో వాడే పేలుడు పదార్థాల్లో పేలుడు సెకనుకు వేల మీటర్ల వేగంతో సాగుతుంది. ముందు ఒక అఘాత తరంగం బండను కుదిపి కొత్త పగుళ్ళు వేస్తుంది. ఆ వెనకే వాయువు వచ్చి ముక్కల్ని నెడుతుంది. అంటే రెండు దెబ్బలు. వాయు పద్ధతిలో మొదటి దెబ్బ దాదాపుగా లేదు. ఉన్నదల్లా నెట్టుడే. అందుకే చుట్టుపక్కల కంపనం తక్కువ, ఎగిరిపడే రాళ్ళు తక్కువ. అందుకే బండ నిర్మాణం మీద దాని ఆధారమూ ఎక్కువ. మందుగుండు కొంతవరకు బండ మాట వినకుండా తన పని చేసుకుపోతుంది. వాయువు మాత్రం బండ ఎలా చెబితే అలా నడుస్తుంది.

రాయి వేరు, బండ వేరు

ప్రయోగశాలలో పిడికెడు రాయిని యంత్రంలో పెట్టి దాని బలం కొలుస్తారు. కానీ నేలలో ఉన్నది పిడికెడు రాయి కాదు, పెద్ద బండ. చొక్కా గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టు దగ్గర ఊడిపోతుంది. బండకూ అలాంటి కుట్లున్నాయి.

రాతిలో సహజంగా ఏర్పడిన పగుళ్ళను సంధులు అంటారు. హిందీలోనూ అదే మాట. వ్యాకరణంలో సంధి రెండు పదాలు కలిసే చోటు. బండలో సంధి రెండు ముక్కలు విడిపోయే చోటు. అవక్షేప శిలల్లో ఒక పొర మీద ఇంకో పొర పేరుకుంటుంది కాబట్టి పొరల మధ్య తలాలు ఉంటాయి. భూమి కదలికల్లో బండ తెగి, ఒక వైపు జారితే దాన్ని భ్రంశం అంటారు. ఇవన్నీ కలిపితే బండ నిర్మాణం. వాయువు పని చేసే ముందు ఈ నిర్మాణంలో నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది, సంధుల ఎడం. సంధులు జానెడు దూరంలో ఒకటి చొప్పున ఉంటే ఆ బండ అప్పటికే ముక్కలైనట్టు లెక్క. దానికి వాయువు అక్కర్లేదు, యంత్రం పళ్ళు చాలు. సంధులు అసలే లేకపోతే వాయువు బాగా నిలుస్తుంది కానీ పగులు మొత్తం వాయువే పుట్టించాలి. రంధ్రాలు దగ్గరదగ్గరగా వేయాలి. వచ్చే ముక్కలూ పెద్దవే, వాటిని మళ్ళీ కొట్టుకోవాలి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం కంటే సంధుల ఎడం ఎక్కువగా ఉండి, ఆ సంధులు మూసుకుని ఉంటే పని సాఫీగా సాగుతుంది.

రెండోది, సంధుల తెరుపు. వెంట్రుక కూడా దూరని సంధి వేరు, వేలు దూరే సంధి వేరు. తెరుచుకున్న సంధి వాయువుకు రాచబాట. పాకుతూ వచ్చిన చీలిక కూడా అక్కడికి చేరగానే ఆగిపోతుంది. అవతలి బండకు లాగుడు అందదు. సంధిలో బంకమట్టి నిండి ఉంటే అది దిండులాగా మెత్తగా అణిగి ఒత్తిడిని మింగుతుంది. లేదా వాయువు తోపుకు ఎగిరిపోయి దారి ఇస్తుంది.

మూడోది, దిశ. కట్టెను నిలువునా కొడితే చీలుతుంది, అడ్డంగా కొడితే గొడ్డలి వెనక్కి తన్నుతుంది. రంధ్రాల వరస సంధుల దిశలోనే ఉంటే చీలిక ఆ దారి పట్టి తిన్నగా పోతుంది. అడ్డంగా ఉంటే ప్రతి సంధి దగ్గరా ఆగుతుంది. పొరలు గుంట వైపుకు వాలి ఉంటే బండ తేలిగ్గా జారి వస్తుంది. అదే ప్రమాదం కూడా. పనివాళ్ళు కింద ఉండగా ఒక పొర మొత్తం జారవచ్చు. పొరలు గుంటకు ఎదురు దిక్కుకు వాలితే అడుగున మొండి మిగిలిపోతుంది. పొరలు అడ్డంగా పరుచుకుని ఉంటే వాయువు రెండు పొరల మధ్య దూరి పైపొరను మూతలా లేపుతుంది, కింది పొర కదలదు.

నాలుగోది, ఖాళీ ముఖం. పగిలిన ముక్క కదలడానికి ఒక పక్క ఖాళీ ఉండాలి. కిక్కిరిసిన బస్సులో వెనకనుంచి ఎంత నెట్టినా, ముందు ఎవరైనా దిగితేనే కదా కదులుతాం. బండకూ అంతే. ఒక వైపైనా కాలవ తీసి పెట్టకపోతే వాయువు బండను నెట్టలేక, పూడ్చిన మట్టిని తోసుకుని పైకి వస్తుంది. ఒక్కోసారి ఉక్కు ట్యూబే రంధ్రంలోంచి బాణంలా ఎగురుతుంది. ఈ పనిలో పెద్ద ప్రమాదాల్లో అదొకటి. అందుకే ట్యూబులను బిగించి కడతారు, రంధ్రం ఎదుట ఎవరూ నిలబడరు.

మూడు ఊళ్ళు, మూడు బండలు

మాది బదిలీల ఉద్యోగం. సామాను విప్పడం, కట్టడం అలవాటైపోయింది. ఈ ప్రశ్న వచ్చాక మేము ఉండి వచ్చిన ఊళ్ళను తలుచుకుంటే ఒక్కో ఊరూ ఒక్కో బండగా కనిపించింది.

హైదరాబాదులో ఉన్నప్పుడు మా క్వార్టరు వెనక గ్రానైటు గుట్ట ఉండేది. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడింది కాబట్టి దానిలో పొరలు లేవు. పైనున్న బరువు కాలక్రమంలో కొట్టుకుపోయాక బండ కొద్దిగా పైకి ఉబ్బి, నేలకు సమాంతరంగా ఉల్లిపొరల్లా పగుళ్ళు పట్టింది. నిలువు సంధులు దూరదూరంగా ఉంటాయి. ఇలాంటి బండలో వాయువు బాగా నిలుస్తుంది. అడుగున ఉల్లిపొర సందు ఉంటే నేల చదునుగా విడిపోతుంది. దక్షిణ భారతంలో రాతిపనివాళ్ళు ఈ గుణాన్ని ఎప్పుడో గుర్తించారు. బండ మీద మంట పెట్టి, మెల్లగా ముందుకు జరుపుతూ, వేడికి పైపొర ఉబ్బి విడిపోయేలా చేసి పెద్దపెద్ద పలకలు తీసేవారు. మన వడ్డెరల చేతుల్లో ఉలి, సమ్మెటలతోపాటు ఈ చూపు కూడా ఉంది. ముందు బండను చదివి, తరవాతే దెబ్బ వేస్తారు.

తరవాత కడపలో పనిచేశాం. అక్కడ వంటింటి గట్టు, అరుగు, మెట్లు అన్నీ కడప బండలే. అది నార్జి సున్నపురాయి. సముద్రం అడుగున పేరుకున్న సన్నని పొరలు. క్వారీలో ఉలి, గునపం పెట్టి ఎత్తితే పుస్తకంలో కాగితాల్లా పలకలు లేస్తాయి. అక్కడ వాయువు వాడితే పొరల మధ్యనుంచి పారిపోతుంది. ఒకవేళ పగిలినా పలక పాడవుతుంది. అక్కడ నిర్మాణమే పనివాడికి సగం కూలి తగ్గిస్తోంది.

ఇప్పుడు భిలాయిలో ఉన్నాం. మీలో చాలామంది తాతలు ఈ కర్మాగారం కోసమే ఇక్కడికి వచ్చారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారానికి ఇనుప ఖనిజం దల్లీ–రాజహరానుంచి, సున్నపురాయి దగ్గర్లోని నందినినుంచి వస్తాయి. దల్లీ–రాజహరా కొండల్లో ఇనుము పొరలూ సిలికా పొరలూ ఒకదాని మీద ఒకటి చారలు చారలుగా, ముడతలు పడి ఉంటాయి. ఆ బండను ఒక దిక్కునుంచి కొడితే ఒక తీరు, ఇంకో దిక్కునుంచి కొడితే ఇంకో తీరు. అది విశాలమైన బహిరంగ గని కాబట్టి అక్కడ మందుగుండు వాడతారు.

మన కాళ్ళ కింద ఉన్నది ఛత్తీస్‌గఢ్ బేసిన్ సున్నపురాయి. నూరు కోట్ల ఏళ్ళ కిందటి నిస్సార సముద్రంలో ఏర్పడింది. అందులో కొన్నిచోట్ల ఆనాటి సూక్ష్మజీవులు కట్టిన గుండ్రని పొరల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. కడప బేసిన్‌నూ దీన్నీ కలిపి భూగర్భ శాస్త్రజ్ఞులు ‘పురాణ’ బేసిన్‌లు అంటారు. కడపనుంచి భిలాయికి బదిలీ అయి వచ్చి, పురాణం వదిలి మళ్ళీ పురాణంలోకే అడుగు పెట్టామన్నమాట!

అదే వాయువు, అదే దారి

మరి మన వీధి చివర బండ ఎందుకు మొరాయించింది? పదో తరగతివాళ్ళకు ఈ సంగతి తెలుసు. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన కార్బానిక్ ఆమ్లం అవుతుంది. అది సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌తో చర్య జరిపి, నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారుస్తుంది. వాన నీరు సంధుల్లోంచే దిగుతుంది కాబట్టి సంధుల అంచులే ముందు కరుగుతాయి. వేల ఏళ్ళలో వెంట్రుకవాసి సంధి వేలెడు వెడల్పవుతుంది. పైనుంచి మట్టి దిగి దాన్ని నింపుతుంది.

చూశారా తమాషా! ఏ కార్బన్ డై ఆక్సైడ్ వేల ఏళ్ళు కష్టపడి ఆ దారులు వేసిందో, అదే కార్బన్ డై ఆక్సైడ్ ఆ రోజు ట్యూబులోంచి వచ్చి, తన పాత దారుల్లోనే తప్పించుకుపోయింది.

మర్నాడు ముసలి మేస్త్రీ పైపు తెప్పించి బండంతా కడిగించాడు. మట్టి పోయి సంధులు బయటపడ్డాయి. సుద్దముక్కతో ఒక్కో సంధి వెంటా గీత గీశాడు. ముందు రోజు వేసిన నాలుగు రంధ్రాల్లో మూడు సరిగ్గా సంధుల పక్కనే ఉన్నాయి. ఆయన కొత్త రంధ్రాలను సంధులకు దూరంగా, గట్టి దిమ్మెల మధ్యలో వేయించాడు. వరసను పెద్ద సంధుల దిశకు సమాంతరంగా తిప్పాడు. బ్రేకర్‌తో ఒక పక్క కాలవ తీయించాడు. మట్టి పొర ఎంత లోతున ఉందో కమ్మీతో పొడిచి చూసి, ట్యూబు కొస దాని ఎదుటకు రాకుండా సర్దాడు. ఈసారి చప్పుడు అంతే వచ్చింది. బండ మాత్రం నోరు తెరిచింది. రెండు చోట్ల మొండి మిగిలింది. దాన్ని బ్రేకర్ చూసుకుంది.

రాయి మారలేదు, వాయువు మారలేదు. చదవడం మారింది.

కనిపించని ప్రమాదం

ఇక్కడితో ఆపితే పాఠం సగమే. బండ పగలగానే ఒక కుర్ర పనివాడు చూద్దామని నిచ్చెన మీద కాలు పెట్టాడు. మేస్త్రీ అరిచి వెనక్కి లాగాడు. గాలి ఊదే ఫ్యాను పెట్టించి, మీటరు తాడుకు కట్టి దింపి చూశాకే దిగనిచ్చాడు. ఎందుకో లెక్క వేద్దాం.

కార్బన్ డై ఆక్సైడ్ 44 గ్రాములు మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 24.5 లీటర్ల చోటు ఆక్రమిస్తాయి. అంటే కిలో వాయువు దాదాపు 556 లీటర్లు. రెండు కిలోలు దాదాపు 1,110 లీటర్లు. గుంట పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 2 మీటర్లు అనుకుందాం. దాని ఘనపరిమాణం 12 ఘనపు మీటర్లు, అంటే 12,000 లీటర్లు. వాయువు బయటికి పోకుండా గుంటంతా సమంగా కలిసిందనుకుంటే అది 9 శాతం పైమాటే. మనం పీల్చే గాలిలో ఉండేది 0.04 శాతం. 5 శాతానికే ఆయాసం, తలపోటు వస్తాయి. 10 శాతం దగ్గర నిమిషాల్లో స్పృహ పోతుంది. పైగా ఈ వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. గుంట అడుగుకు చేరి అక్కడ ఇంకా చిక్కబడుతుంది. రంగు లేదు, మనల్ని ముందుగా హెచ్చరించే వాసనా లేదు.

మా చిన్నప్పుడు మా ఊళ్ళో పాడుపడిన బావిలో మోటారు తీయడానికి ఒకాయన దిగాడు. ఉలుకూ పలుకూ లేదు. ఏమైందో చూద్దామని ఆయన తమ్ముడు దిగాడు. ఇద్దరూ పైకి రాలేదు. పెద్దవాళ్ళు బావిలోకి దీపం దింపి చూడమనేవారు, దీపం ఆరితే దిగొద్దనేవారు. ఆ జాగ్రత్త మంచిదే కానీ చాలదు. పైన లెక్క వేసిన గుంటలో ఆక్సిజన్ ఇంకా 19 శాతం దగ్గర ఉంటుంది. దీపం వెలుగుతూనే ఉండవచ్చు, మనిషి మాత్రం పడిపోతాడు. దీపం వెలుగుతోంది కదా అని దిగకూడదు. మీటరుతో చూడాలి, గాలి ఆడించాలి. పడిపోయిన మనిషిని చూసి మనసాగక వెంటనే దూకకూడదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకున్నా ఈ వ్యాసం రాసినందుకు మాకు తృప్తి.

ఇక్కడా బండ నిర్మాణమే ముఖ్యం. సంధుల్లోంచి తప్పించుకున్న వాయువు ఎక్కడికి పోతుంది? సంధి ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి. పక్కనున్న బావికో, పక్కింటి సెల్లారుకో చేరవచ్చు. బండ పగల్లేదంటే పని చెడిందనే కాదు, వాయువు ఇంకెక్కడో ఉందని కూడా అర్థం.

భిలాయి ఎండల సంగతి కూడా చెప్పాలి. కార్బన్ డై ఆక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవంగా ఉండదు. నిండుగా ఉన్న ట్యూబును మన మే నెల ఎండలో వదిలేస్తే లోపలి పీడనం గబగబా పెరుగుతుంది. అందుకే నింపిన ట్యూబులను నీడలో ఉంచాలి.

కంపనం మాటేమిటి? గనుల్లో పేలుళ్ళ వల్ల ఇళ్ళు దెబ్బతినకుండా గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997లో పరిమితులు పెట్టింది. గని యజమానివి కాని మామూలు ఇళ్ళ దగ్గర, కంపనం పౌనఃపున్యం 8 హెర్ట్జ్‌కు తక్కువైతే నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య 10, ఆపైన 15 మిల్లీమీటర్లు. వాయు పద్ధతిలో కంపనం తక్కువే అయినా, ఇంటి పక్కన తవ్వుతుంటే కొలిచి చూడమని అడిగే హక్కు మనకుంది.

చేసి చూద్దాం

ఒకటి: బలమైన పాలిథిన్ సంచి మూతికి ఒక గొట్టం బిగించి కట్టండి. సంచిని బల్ల మీద పరిచి, పైన నాలుగు లావు పుస్తకాలు పెట్టి గొట్టంలోంచి ఊదండి. పుస్తకాలు లేస్తాయి. ఇప్పుడు సంచికి సూదితో పది రంధ్రాలు పొడిచి మళ్ళీ ఊదండి. తేడా రాసుకోండి.

రెండు: పేలాల జొన్నలు యాభై తీసుకోండి. అందులో పాతికింటి పొట్టు సూదితో చిల్లు చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత రెండు వాయిలుగా వేయించండి. ఏ వాయిలో ఎన్ని పేలాయో లెక్కపెట్టండి. మిగిలినవి బెల్లంతో కలిపి తినండి.

కొత్త మాటలు

సంధి: బండలో సహజంగా ఏర్పడిన పగులు.
తన్యత బలం: లాగుడును తట్టుకునే శక్తి.
సంపీడన బలం: నొక్కుడును తట్టుకునే శక్తి.
భ్రంశం: బండ తెగి ఒక వైపు జారిన చోటు.
ఖాళీ ముఖం: పగిలిన రాయి కదలడానికి వీలున్న వైపు.
మొండి: పగలకుండా అడుగున మిగిలిన రాయి.

ఆలోచించండి

1. పగుళ్ళున్న బండ గునపానికి లొంగుతుంది, వాయువుకు లొంగదు. ఎందుకు?
2. పొరలు గుంట వైపుకు వాలి ఉన్నాయి. పని తేలికే. అయినా మేస్త్రీ ఎందుకు భయపడాలి?
3. గుంట 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు. 3 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ అందులో చేరింది. అది గాలిలో ఎంత శాతం? దిగవచ్చా?
4. గ్రానైటు, కడప బండ, భిలాయి సున్నపురాయి. వీటిలో వాయు పద్ధతికి ఏది బాగా అనుకూలం? కారణం చెప్పండి.
5. మీ తాతగారినో, నాన్నగారినో అడిగి, వాళ్ళ ఊళ్ళో రాతిపనికి వాడే తెలుగు మాటలు ఐదు రాసుకు రండి.

ఐదో ప్రశ్నకు జవాబులు మా కోసం కూడా. భిలాయిలో పుట్టిన మీకు ఆ మాటలు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరే దొరుకుతాయి. ఆ ముసలి మేస్త్రీ లాంటివారి దగ్గర బండను చదివే విద్యా ఉంది, దాన్ని చెప్పే మాటలూ ఉన్నాయి. వాళ్ళుండగానే అడిగి తెలుసుకుందాం. మాకు మళ్ళీ బదిలీ ఉత్తర్వు వచ్చేలోపు మీ జాబితాలు తెస్తారని ఎదురుచూస్తుంటాం.